15 వేల స్లైడింగ్ మైటర్ సా కొనేముందు హ్యాండిల్ పట్టుకుని ఊపి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో పీఎం విశ్వకర్మ స్కీమ్ గురించి అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి, ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి లోన్ వచ్చింది అని. మంచిదే. కానీ ఆ డబ్బు చేతికొచ్చాక మాలాంటి వడ్రంగులు ఏ మిషన్ కొనాలి, ఏది కొంటే డబ్బు దండగ అన్నది ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఆ స్కీములో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం కూడా ఒకటి, పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తారు, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది కట్టేశాక 2 లక్షల దాకా లోన్ ఇస్తారు. ఇక ఆన్‌లైన్లో చూస్తే ఊరూ పేరూ లేని స్లైడింగ్ మైటర్ సాలు (చెక్కని అడ్డంగా, కోణంలో కోసే రంపం మిషన్లు) సరిగ్గా ఆ 15 వేలకి అటూ ఇటూగానే దొరుకుతున్నాయి. మా దగ్గర పనికొచ్చే కుర్రాళ్ళు ఫోన్ చూపించి "అన్నా, దీంట్ల లేజర్ కూడా ఉంది, తీస్కోవచ్చా" అని అడుగుతుంటారు.

నా మాట ముందే చెప్పేస్తా. ఆ రేటులో స్లైడింగ్ వద్దు, స్లైడ్ లేని, 10 అంగుళాల బ్లేడు ఉన్న మామూలు మైటర్ సా తీసుకోండి. ఎందుకో చెప్తా, ఎవరికి మాత్రం స్లైడింగే కావాలో అది కూడా చెప్తా.

ఈ మిషన్ చూడనివాళ్ళకి ఒక ముక్క. కింద తిరిగే బల్ల, వెనకాల చెక్కని ఆనించే ఫెన్స్, పైన మోటారూ బ్లేడూ ఉన్న తల, హ్యాండిల్ పట్టి కిందికి నొక్కితే చెక్క తెగుతుంది. బల్ల తిప్పితే 45 డిగ్రీల కట్ వస్తుంది, తల పక్కకి వాలిస్తే ఏటవాలు కట్ వస్తుంది. స్లైడింగ్ అంటే ఆ తల రెండు రాడ్ల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది, దానివల్ల వెడల్పు చెక్క కూడా ఒక్క కోతలో అయిపోతుంది. మామూలు 10 అంగుళాల మిషన్ మీద ఐదారు అంగుళాల వెడల్పు దాటదు, స్లైడ్ ఉంటే 12 అంగుళాల దాకా పోతుంది. తేడా అంతా అక్కడే, రేటు కూడా అక్కడే.

చిక్కు ఏంటంటే ఆ రాడ్లూ వాటిని పట్టుకునే బేరింగులూ, మొత్తం మిషన్లో ఖర్చుపెట్టి చెయ్యాల్సిన భాగం అదే, తక్కువ రేటు మిషన్లో అన్నిటికంటే ముందు ఖర్చు కోత పడేది కూడా దానికే. మంచి మిషన్లో బాల్ బేరింగ్ మీద తల జారుతుంది. చవక దాంట్లో చాలాసార్లు ప్లాస్టిక్ బుష్షులే ఉంటాయి, కొత్తలో బాగానే ఉన్నట్టు ఉంటది, రంపపు పొట్టు వాటిల్లోకి పోయి కొన్నాళ్ళకి లూజు వస్తుంది, అప్పుడిక తల పూర్తిగా ముందుకి లాగినప్పుడు ఎడమకి కుడికి ఆడుతుంది. ఆడే తలతో నువ్వు ఎంత జాగ్రత్తగా కోసినా కోత తిన్నగా రాదు, పైన 90 ఉంటే కింద ఉండదు.

అందుకే షాపులో మోటారు ఎన్ని వాట్లు అని అడిగే ముందు తల మొత్తం ముందుకి లాగి, హ్యాండిల్ పట్టుకుని ఎడమకీ కుడికీ మెల్లగా ఊపండి. గట్టిగా కాదు, చేత్తో పని చేసేటప్పుడు పడేంత బలం చాలు. బ్లేడు కొస దగ్గర కంటికి కనపడేంత కదిలితే ఆ మిషన్ అక్కడే వదిలేయండి, షాపతను "అన్నీ ఇట్లనే ఉంటయి, నట్టు బిగిస్తే సెట్ అయితది" అంటాడు, నట్టు బిగిస్తే జారడం ఆగిపోతుంది తప్ప లూజు పోదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట మిషన్లు బయటే పెట్టి ఉంటాయి, ఊపి చూడనిస్తారు. ఆన్‌లైన్లో ఆ అవకాశం లేదు, వీడియోల్లో చూపించేది ఎప్పుడూ మెత్తటి పైన్ చెక్క ముక్క కొయ్యడమే.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం, దీనికి మూలమట్టం కూడా అక్కర్లేదు. పది అంగుళాల వెడల్పున్న (స్లైడ్ లేని మిషన్ అయితే ఐదంగుళాలు చాలు) తిన్నటి ప్లైవుడ్ ముక్క తీసుకోండి, రెండు అంచులూ సమానంగా ఉండాలి. ఫెన్స్‌కి ఆనించి 90లో మధ్యకి కోయండి. ఇప్పుడు రెండు ముక్కల్లో ఒకదాన్ని బోర్లా తిప్పి, రెండింటినీ మళ్ళీ ఫెన్స్‌కి ఆనించి కోసిన అంచులు ఒకదానికొకటి తాకించండి. సందు లేకుండా కలిస్తే మిషన్ 90 నిజంగా 90. ఒక పక్క సందు కనపడితే అది అసలు తప్పుకి రెట్టింపు, అంటే చిన్న తేడా కూడా దాచుకోలేదు. సగం డిగ్రీ తప్పే కదా అనుకుంటాం, 300 మిల్లీమీటర్ల వెడల్పు మీద అది రెండున్నర మిల్లీమీటర్లు అవుతుంది. 45 కట్‌లో ఇంకా ఘోరం, రెండు ముక్కలకీ తలా సగం డిగ్రీ పోతే మూలలో ఒక డిగ్రీ, ఫ్రేముకి నాలుగు మూలలు, చివరి మూల దగ్గరకొచ్చేసరికి మొత్తం తేడా అంతా అక్కడ నోరు తెరుచుకుని కూర్చుంటుంది. ఆ సందులో ఫెవికాల్లో రంపపు పొట్టు కలిపి నింపి, పైన లప్పం రుద్ది, పాలిష్ కొట్టి ఇంటివాళ్ళకి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. ఎండాకాలం వచ్చి చెక్క ఆరాక ఆ లప్పం పగిలి గీత బయటపడుతుంది, అప్పుడు వాళ్ళు ఫోన్ చేసేది మిషన్ అమ్మినోడికి కాదు, మనకి.

అయితే 90 తప్పితే అదే పెద్ద లోపం అనుకోకండి. ఫెన్స్ బోల్టులు వదులు చేసి సెట్ చేసుకుంటే చాలావాటికి సరిపోతుంది, కొత్త మిషన్ ఏదైనా ఒకసారి సెట్ చెయ్యాల్సిందే. సెట్ చెయ్యలేనివి మూడు. రాడ్ల లూజు, వంకర పోతపోసిన ఫెన్స్, 45 దగ్గర 'టక్' మని కూర్చునే గాడిలో ఆట. ఫెన్స్ వంకర ఉందా లేదా అన్నది ఒక స్టీల్ స్కేలు అంచుని ఫెన్స్ పొడుగునా ఆనించి వెనక నుంచి వెలుతురు వస్తుందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఇక వాట్లు. డబ్బా మీద 1800 అనో 2000 అనో పెద్దక్షరాల్లో ఉంటుంది, మిషన్ మీద అతికించిన రేకు చదివితే పక్కనే చిన్నగా "ఎస్6 25 శాతం" అని కొన్నిటికి ఉంటుంది. దానర్థం ఆ బలం ఎప్పుడూ ఉండేది కాదు, పది నిమిషాల్లో రెండున్నర నిమిషాలు లోడు మీద, మిగతా టైము ఖాళీగా తిరిగితేనే ఆ లెక్క. ఎస్1 అని రాసిన అంకె ఉంటే అదీ అసలు బలం, సాధారణంగా అది తక్కువే ఉంటుంది. బీడింగ్ కోసేవాళ్ళకి ఇదేం పెద్ద బాధ కాదు. వరసపెట్టి టేకు దర్వాజ కట్టెలు కోసేవాళ్ళకి మాత్రం మోటారు కాలే దారి ఇది. ప్లగ్ కూడా చూసుకోండి, 230 వోల్టుల మీద 1800 వాట్లంటే దాదాపు 8 ఆంపియర్లు, 6 ఆంపియర్ల సాకెట్లో పెట్టకూడదు, సైటులో సన్నటి వైరు ఎక్స్‌టెన్షన్ 30 మీటర్లు లాగి ఇది నడిపితే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయినా ఉండాలి.

బ్లేడు సైజు దగ్గర చాలామంది మోసపోతున్నారు కాబట్టి అది కూడా రాస్తా. చవక స్లైడింగ్ మిషన్లు ఎక్కువ 8 అంగుళాల బ్లేడుతో వస్తాయి, వెడల్పు 12 అంగుళాలు అని చూపిస్తారు, ఎత్తు మాత్రం 65, 70 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. మన దర్వాజ కట్టె సాధారణంగా 4 బై 3 లేదా 5 బై 3, మూడు అంగుళాలంటే 76 మిల్లీమీటర్లు. అంటే పడుకోబెట్టి పెట్టినా ఒక్క దెబ్బకి తెగదు, తిప్పి రెండోసారి కొయ్యాలి, రెండు కోతలూ కలిసే చోట మెట్టు పడుతుంది. 10 అంగుళాల దానికి సుమారు 90 మిల్లీమీటర్లు వస్తుంది, దర్వాజ పని చేసేవాళ్ళకి అదే కావాలి. 45 వాల్చి కోస్తే ఈ ఎత్తు ఇంకా సగానికి పడిపోతుంది, డబ్బా మీద ఆ అంకె కూడా ఉంటుంది చదవండి.

దాంతో పాటు వచ్చే బ్లేడు 24 పళ్ళదో 40 పళ్ళదో ఉంటుంది. అది పెట్టి లామినేట్ అంటించిన ప్లైవుడ్ కోసి అంచు చిట్లిపోయిందని మిషన్‌ని తిట్టొద్దు. 60 లేదా 80 పళ్ళ కార్బైడ్ బ్లేడు వెయ్యండి, కొనేటప్పుడు ఇది మైటర్ సాకి అని చెప్పి అడగండి, ఎందుకంటే టేబుల్ సా బ్లేడు పళ్ళు ముందుకి బాగా వంగి ఉంటాయి, స్లైడింగ్ మీద అవి చెక్కని పట్టుకుని దాని మీదికి ఎగబాకుతాయి. బ్లేడు మధ్య బొక్క 25.4 మిల్లీమీటర్లా 30 ఆ కూడా కనుక్కోవాలి. మంచి బ్లేడుకి ఇంకో రెండు మూడు వేలు ఎప్పుడూ లెక్కలో పెట్టుకోండి, 15 వేల మిషన్ నిజానికి 18 వేలు అన్నట్టు.

మరి స్లైడింగ్ ఎవరు కొనాలి? ఇంటీరియర్ పనిలో అల్మారా షెల్ఫులు, మెట్ల పలకలు రోజూ ఆరంగుళాలు దాటి కొయ్యాల్సినవాళ్ళకి స్లైడ్ లేకపోతే పని జరగదు. వాళ్ళు అప్పు చేసైనా పేరున్న కంపెనీది తీసుకుంటేనే మేలు, 8 అంగుళాలదే సుమారు 30 వేలు పైన ఉంటుంది, ఆ 5 శాతం లోన్ దీనికే పనికొచ్చేది. ఇంట్లో సరదాగా చిన్న బల్లలు చేసుకునేవాళ్ళు చవక స్లైడర్ కొనుక్కోవచ్చు, ఊపి చూసి కొంటే చాలు, వాళ్ళకి రోజంతా నడపాల్సిన పని లేదు కదా. స్కర్టింగ్, బీడింగ్, యూపీవీసీ, ఫొటో ఫ్రేములు, దర్వాజ కట్టెలు, ఇవే పని అయితే స్లైడ్ లేనిదే, అదే డబ్బుకి దాని తల బిర్రుగా నిలబడుతుంది, జారే భాగమే లేదు కాబట్టి అరిగేదీ తక్కువే. షెల్ఫు ఎప్పుడో ఒకటి కొయ్యాల్సొస్తే 7 అంగుళాల చేతి సర్క్యులర్ సా, ఒక తిన్నటి అల్యూమినియం పట్టీ క్లాంపుతో బిగించి కోసుకోవచ్చు.

చాలామంది ఇప్పటికీ 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు తగిలించి గార్డు తీసేసి కోస్తున్నారు. అది నిమిషానికి 12 వేల చుట్లు పైనే తిరిగేది, రాయి కోసే మిషన్, చెక్కలో బ్లేడు బిగుసుకుంటే చేతి మీదికి ఎగిరి వస్తుంది. వేళ్ళు పోయినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ లెక్కన చూస్తే చవక మైటర్ సా అయినా దానికంటే వెయ్యి రెట్లు నయం, ఈ మాట ఒప్పుకోవాలి. కాకపోతే స్లైడింగ్ వాడేటప్పుడు తల ముందుకి లాగి, స్విచ్ వేసి, కిందికి దించి, వెనక్కి నెట్టుతూ కొయ్యాలి. లాక్కుంటూ కోస్తే బ్లేడు చెక్క మీదికెక్కి మన వైపే వస్తుంది. కోత అయ్యాక బ్లేడు ఆగేదాకా తల లేపొద్దు. ఐరన్ కోసే రాపిడి చక్రం ఈ మిషన్‌కి వెయ్యొద్దు, నిప్పురవ్వలు పోయి పొట్టు సంచిలో పడితే షెడ్డే అంటుకుంటుంది. దుమ్ము సంచి ఎలాగూ సగం పొట్టు కూడా పట్టదు, ముక్కుకి మాస్కు పెట్టుకోండి, చెక్క దుమ్ముని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులోనే పెట్టింది.

చివరిగా బిల్లు సంగతి. 18 శాతం జీఎస్టీ తప్పుతుందని "బిల్లు లేకుండా అయితే ఇంత" అంటారు, వద్దు. మోటారులో అరిగే కార్బన్ బ్రష్షులు, స్విచ్, బెల్టు ఉంటే బెల్టు, ఇవి ఎక్కడ దొరుకుతాయో కొనే రోజే అడిగి బిల్లు మీద షాపు పేరుతో రాయించుకోండి. డబ్బా మీద దిగుమతి చేసినవాళ్ళ పేరూ అడ్రసూ ఉండాలి, లేకపోతే పాడైతే ఎవర్ని పట్టుకుంటారు. "నువ్వు వ్యాపారానికి కొన్నావ్ కాబట్టి కన్స్యూమర్ కోర్టు నీకు వర్తించదు" అని కొందరు దబాయిస్తారు, తప్పు. 2019 వినియోగదారుల చట్టంలోనే స్పష్టంగా ఉంది, సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం కొన్న వస్తువైతే అతను కూడా వినియోగదారుడే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

ఎడిటర్ గారూ, విశ్వకర్మ ట్రైనింగ్ గురించి మీ విలేకరులు ఈసారి రాయడానికి వెళ్తే అక్కడ మిషన్ మీద కోసిన ముక్కని తిప్పి కలిపి చూపిస్తున్నారా లేదా అని ఒక్కసారి అడగమనండి, చూపించట్లేదంటే అదే వార్తగా వెయ్యండి.

ఇట్లు,
ఒక వడ్రంగి, సూర్యాపేట