నలభై దాటిన గుమాస్తాకు శిక్షణలో చోటు లేదా, మంత్రివర్యా?

నైపుణ్య శిక్షణ వ్యవహారాలు చూస్తున్న గౌరవనీయులైన మంత్రివర్యులకు, అనంతపురం నుంచి నమస్కరించి రాయునది.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి వ్యాపారుల లెక్కలు రాసిపెడుతూ, పన్నుల విషయంలో సలహాలు ఇస్తూ బతుకుతున్నవాడిని. వయసు దాటిన లెక్కల గుమాస్తాలకూ కొత్త పనుల్లో శిక్షణ ఇప్పించమని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడింటికీ "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోనుకు సందేశం వచ్చిందే గాని, ఏం పరిష్కరించారో చెప్పినవారు లేరు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లులు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులో ఎక్కించడానికి, కొనుగోళ్లు సరిచూడడానికి నలుగురిని పనిలో పెట్టుకున్నాను. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారులు తోటి వ్యాపారులకిచ్చే బిల్లులకు ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు, తప్పనిసరి అయ్యాక, అవి వాటంతటవే అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్నులోకి చేరుతున్నాయి. నాలుగు రోజులు కూర్చుని చేసిన జీఎస్టీఆర్-2బీ (కొనుగోళ్లపై పన్ను వివరాల పట్టిక) సరిచూపు సాఫ్ట్‌వేరులో నిమిషాల్లో ముగుస్తోంది. ఇది మంచిదే, కాదనను. రాయదుర్గంలో జీన్స్ కుట్టించే యజమాని ఇప్పుడు రిటర్ను వేయమని మాత్రమే అడగడం లేదు. ఏ సైజు ప్యాంట్లు గోదాములో మిగిలిపోతున్నాయో, బాకీలు ఎవరు ఎన్ని రోజులకు తీరుస్తున్నారో తన లెక్కల్లోంచే తీసి చెప్పమంటున్నారు. ఇకపై సలహాదారుడి పని ఇదే.

ఆ పని చేయగలిగిన మనిషి నా దగ్గరే ఉండేది. బీకాం చదివిన ఆమెకు 41 ఏళ్లు, నా దగ్గర పదకొండేళ్ల అనుభవం. ఏ వ్యాపారి ఏ నెలలో సరుకు దించుకుంటాడో, ఎవరి పద్దులో ఎక్కడ తప్పు దొర్లుతుందో పుస్తకం తెరవకుండానే చెప్పేది. ఆమెకు కావలసిందల్లా లెక్కలను పటాలుగా చూపే పవర్ బీఐ సాఫ్ట్‌వేరు, దాచిన సమాచారంలోంచి కావలసింది తీసే ఎస్‌క్యూఎల్ భాష కాస్త, కృత్రిమ మేధ ఇచ్చిన జవాబును అసలు పద్దుతో సరిచూసే అలవాటు. ఇక్కడి నైపుణ్య శిక్షణ కేంద్రానికి వెళితే 35 ఏళ్లు దాటాయని దరఖాస్తే తీసుకోలేదు. నేను వెంట వెళ్లి బతిమాలితే, ఉద్యోగంలో ఉన్నవారికి కాదు, నిరుద్యోగులకేనన్నారు. మొన్న సంక్రాంతి తరువాత జీతం ఇవ్వలేక ఆమెను, మరొకరిని పంపేయవలసి వచ్చింది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. పని పోయిందని మళ్లీ వెళితే, వయసు దాటిందనే పాత మాటే ఎదురైంది. ఏ దారిన రమ్మంటారు, అయ్యా?

ఆ కేంద్రంలోనే చేరిన మా బంధువుల అబ్బాయి చేతికి డేటా అనలిటిక్స్ (సమాచార విశ్లేషణ) పేరుతో సర్టిఫికెట్టు వచ్చింది. అతనికి నేర్పింది ఎక్సెల్‌లో మొత్తాలు వేయడం, ప్రింటు తీయడం. ఒక్క వ్యాపారి ఆవర్జా (ఖాతా పుస్తకం) కూడా ముందు పెట్టి చూపించలేదు.

అయ్యా, లెక్కలు రాసి బతికేవారికి ఆ వయోపరిమితి తీసేయండి. పనిలో ఉన్నవారు వచ్చేలా సాయంత్రం తరగతులు పెట్టించండి. మా వ్యాపారుల పాత పద్దులు, వారి అనుమతితో పేర్లు తీసేసి, పాఠాలకు నేనే ఇస్తాను. బెంగళూరు 200 కిలోమీటర్లకు పైగా దూరం. ఇద్దరు పిల్లలను బడికి పంపుతున్న ఆమెను అక్కడికి పోయి నేర్చుకోమని నేను చెప్పలేను. ఈసారి ఫోనుకు సందేశం కాదు, తరగతి ఏ తేదీన మొదలవుతుందో తెలియజేయవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
అనంతపురం పన్నుల సలహాదారుడొకరు