మొదటి హ్యాట్ నల్ల ఫెల్ట్‌దే కానక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం రాగానే ఫ్యాషన్ పేజీల నిండా సూటు మీద హ్యాట్ పెట్టిన కుర్రాళ్ళ ఫొటోలే. మీ పత్రికా అందుకు మినహాయింపు కాదు. ఫొటో కింద సూటు కుట్టిందెవరో ఉంటుంది, బూట్లు ఎక్కడ కొన్నారో ఉంటుంది. హ్యాట్ దేనితో చేసిందో, ఎన్ని సెంటీమీటర్లదో మాత్రం ఉండదు. ఆ ఫొటో చూసిన అబ్బాయి ఆన్‌లైన్‌లో ‘ఫ్రీ సైజ్’ నల్ల ఫెడోరా (పైన నొక్కు, చుట్టూ అంచు ఉన్న హ్యాట్) ఒకటి తెప్పించుకుంటాడు. రిసెప్షన్ లైట్ల కింద పది నిమిషాలకే నుదుటి మీద ఎర్రగా గీత పడుతుంది. ఆల్బమ్ వచ్చేసరికి హ్యాట్ బీరువా ఎక్కేసి ఉంటుంది. మొదటిసారి కొనేవారికి పనికొస్తాయని కొన్ని సంగతులు రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయగలరు.

ముందుగా, మన ఊళ్ళో మొదటి హ్యాట్ ఫెల్ట్‌ది కొనడం దండగ. ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు. ఉన్నినో కుందేలు బొచ్చునో తడిపి, వేడి చేసి, నలిపి నలిపి, పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా చేసిన దళసరి పొర అది. గాలి ఆడదు. 1676 నుంచీ లాక్ కంపెనీ హ్యాట్లు అమ్ముతున్న లండన్‌కూ, 1857లో బోర్సలినో హ్యాట్ల కంపెనీ మొదలైన ఇటలీలోని అలెశాండ్రియాకూ అది సరిపోతుంది. హైదరాబాద్‌లో ఫెల్ట్ పెట్టుకుని హాయిగా తిరగగలిగేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా, అదీ సాయంత్రాలు. మిగతా ఏడాదంతా పనికొచ్చేది పనామా, అంటే గడ్డి హ్యాట్. లేత రంగు లినెన్ సూటు మీద, కాటన్ బ్లేజర్ మీద అది ఫెల్ట్‌కేమీ తీసిపోదు.

పేరు పనామాయే గానీ అది తయారయ్యేది ఈక్వెడార్‌లో. ఒకప్పుడు పనామా రేవు మీదుగా ఎగుమతయ్యేది కాబట్టి ఆ పేరు పడింది. టోకియా అనే మొక్క లేత ఆకుల్ని సన్నగా చీల్చి, ఉడికించి, ఆరబెట్టి చేత్తో అల్లుతారు. 2012లో యునెస్కో ఈ అల్లికను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అసలుదాన్ని గుర్తుపట్టాలంటే హ్యాట్‌ను దీపానికి అడ్డం పెట్టి క్రౌన్ (తల దూరే గుండ్రటి భాగం) పైభాగం చూడండి. అల్లిక నడినెత్తిన చిన్న పువ్వులా మొదలై గుండ్రంగా బయటికి విస్తరిస్తుంది. కొత్త పోగులు చేర్చిన చోటల్లా వలయాలు కనిపిస్తాయి. పోగుల రంగు అక్కడక్కడ కొద్దిగా తేడాగా ఉంటుంది. అంతా ఒకే రంగులో, ఒకే మెరుపుతో, మిషను మీద నేసిన చాపలా ఉంటే అది కాగితపు గడ్డి. చూపుకి బాగానే ఉంటుంది, ధర కూడా తక్కువే, కానీ ఒక్క వాన చాలు, మెత్తబడిపోతుంది. కాగితమని తెలిసి కొంటే తప్పు లేదు. పనామా ధరకి కొంటేనే బాధ.

ఇక కొలత. టైలర్ దగ్గరి మెత్తటి టేపు తీసుకుని నుదుటి మధ్య నుంచి, చెవులకు ఒక సెంటీమీటరు పైగా, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటి మీదుగా చుట్టాలి. టేపు కింద వేలు దూరేంత వదులు ఉంచాలి, బిగించి లాగకూడదు. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోండి. క్షవరం చేయించుకున్న రోజున కొలిస్తే జుట్టు పెరిగాక బిగుతవుతుంది. 57 సెం.మీ. అమెరికా లెక్కలో 7⅛, 58 అయితే 7¼, 59 అయితే 7⅜. బ్రిటిష్ అంకె దీనికంటే ⅛ తక్కువ, కాబట్టి 58 అక్కడ 7⅛. ఏ దేశం అంకో చెప్పకుండా ‘7⅛’ అని మాత్రమే రాసిన చోట సెంటీమీటర్లు అడక్కుండా డబ్బు కట్టకండి. బైకు హెల్మెట్ మీద 580 మి.మీ. అని ఉంటుంది కదా, అదే నా సైజు అనుకునేవారున్నారు. హెల్మెట్ లోపలి ఫోము నొక్కుకుని తలకి సర్దుకుంటుంది, హ్యాట్ సర్దుకోదు. ఆ అంకెను అంచనాకి మాత్రమే వాడండి.

కొలత సరిపోయినా కొందరికి ముందూ వెనకా నొక్కుతూ, పక్కల వదులుగా ఉంటుంది. వాళ్ళ తల పొడవాటి కోల, హ్యాట్ గుండ్రటిది. అలాంటప్పుడు ఒక సైజు పెంచి పక్కల పట్టీ పెట్టుకోవాలి. ఎటూ తేల్చుకోలేకపోతే పెద్దదే తీసుకోండి. పెద్దదాన్ని తగ్గించడం తేలిక: చెమట పట్టీని (హ్యాట్ లోపల నుదుటికి ఆనే పట్టీని) బయటికి తిప్పి, దాని వెనక రెండు మిల్లీమీటర్ల మందం ఫోము పట్టీ చుట్టూ అతికిస్తే చుట్టుకొలత సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. పాతకాలంలో వార్తాపత్రిక మడిచి పెట్టేవారు. మీరు ఏమీ అనుకోకపోతే ఆ పని వద్దంటాను, చెమటకి సిరా దిగుతుంది. చిన్నదాన్ని ఆవిరి పట్టి సాగదీస్తే అర సెంటీమీటరు రావచ్చు. అంతకు మించి లాగితే చెమట పట్టీ కుట్లు తెగుతాయి.

ఆకారం గురించి ఎక్కువ చెప్పను. అంచు 6 నుంచి 6.5 సెం.మీ., నొక్కు పెట్టాక క్రౌన్ ఎత్తు 10.5 నుంచి 11.5 సెం.మీ. ఉన్న మామూలు ఫెడోరా ఆకారం దాదాపు అందరికీ నప్పుతుంది. అంచు 5 సెంటీమీటర్ల కంటే తగ్గితే అది ట్రిల్బీ. గుండ్రటి ముఖానికి అది మరీ చిన్నగా, మూకుడు మీద గ్లాసు బోర్లించినట్టుంటుంది. క్రౌన్ వెడల్పు చెక్కిళ్ళ ఎముకల వెడల్పుకి దగ్గరగా ఉండాలి, ఇరుకైతే ముఖం పెద్దదిగా కనిపిస్తుంది. బౌలరు, హోంబర్గు, టాప్ హ్యాట్ లాంటి గట్టి హ్యాట్ల జోలికి మొదటిసారే పోవద్దు. రంగు విషయానికొస్తే పనామాకి సహజమైన లేత మీగడ రంగు, ముదురు గోధుమ లేదా నీలం రిబ్బను. ఫెల్ట్ అయితే బూడిద రంగో కాఫీ రంగో. మన చామన ఛాయకి, నల్లటి జుట్టుకి నల్ల హ్యాట్ తోడైతే ఫొటోలో ముఖం సగం చీకట్లో కలిసిపోతుంది. ఫొటోగ్రాఫర్‌ని తిట్టి లాభం లేదు.

ఫెల్టే కావాలని పట్టుబడితే అంచును బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టి రుద్ది చూడండి. కుందేలు బొచ్చుది పల్చగా, నున్నగా ఉంటుంది, వంచి వదిలితే వెనక్కి లేస్తుంది. ఉన్నిది కంబళిలా దళసరిగా, కాస్త గరుగ్గా తగులుతుంది. అట్టముక్కలా టకటకలాడితే గంజి ఎక్కువ పెట్టారని అర్థం, తడిస్తే తెల్లమచ్చలు తేలొచ్చు. ఏడెనిమిది వందలకి ‘ఉన్ని’ అని అమ్మేవాటిలో చాలామటుకు పాలిస్టర్ ఉంటుంది. తర్వాత హ్యాట్ తిరగేసి లోపల చూడాలి. చెమట పట్టీ తోలుదైతే మంచిది, మెత్తటి నూలు గుడ్డైనా ఫర్వాలేదు. రెక్జిన్ మాత్రం వద్దు, మే నెలలో నుదుటికి అంటుకుంటుంది, రెండో ఏడు పొలుసులు రాలుతుంది. రిబ్బను అడ్డగీతలున్న గ్రోగ్రెయిన్‌దా, కుట్టారా, జిగురు పెట్టారా అన్నది గోటితో అంచు కొద్దిగా ఎత్తి చూస్తే తెలుస్తుంది. మగవారి హ్యాట్‌కి రిబ్బను ముడి ఎడమవైపు ఉంటుంది. ముడి కుడివైపు వచ్చిందంటే ముందూ వెనకా తారుమారుగా పెట్టుకున్నారేమో చూసుకోండి.

పెట్టుకున్నాక హ్యాట్ కనుబొమలకు వేలెడు పైన, చెవులకు తగలకుండా నిలవాలి. తల వంచి ఊపినా పడకూడదు, తీశాక నుదుటి మీద గుర్తు పడకూడదు. ముందు అంచు కొంచెం కిందికి, వెనక అంచు పైకి.

షేర్వానీ మీద మాత్రం ఫెడోరా పెట్టకండి. షేర్వానీకి దస్తార్ అనే తలపాగా ఉంది, రూమీ టోపీ (అంచు లేని, కుచ్చు టోపీ) ఉంది. టర్కీ 1925లో రూమీ టోపీని నిషేధించినా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తల మీద అది కొనసాగింది. ఆ సంప్రదాయంలో తల కప్పుకోవడమే మర్యాద. అంచున్న హ్యాట్ మర్యాద దానికి పూర్తిగా ఎదురు, ఇంట్లోకి రాగానే తీసేయాలి. ఫంక్షన్ హాలుకీ ఇదే వర్తిస్తుంది. ఫొటో వరకు తల మీద ఉంచుకోండి. అక్షింతలు వేసేటప్పుడు తీసి, లోపలి భాగం జనానికి కనపడకుండా ఎడమచేత్తో కాలి పక్కన పట్టుకోండి. దర్గాలో తల కప్పుకోవాలి గదా అని హ్యాట్ ఉంచేసుకోవద్దు, వంగినప్పుడు అంచు అడ్డం వస్తుంది. జేబురుమాలు చాలు. మన హాళ్ళలో హ్యాట్ తగిలించే స్టాండు ఉండదు కాబట్టి కుర్చీ మీద తలకిందులుగా, క్రౌన్ కిందికి వచ్చేలా పెట్టండి. అంచు మీద నిలబెడితే అంచు సాగి చదునైపోతుంది.

తీసేటప్పుడు అందరూ చేసే పొరపాటు ముందరి నొక్కు దగ్గర రెండు వేళ్ళతో పట్టి ఎత్తడం. పనామా సరిగ్గా ఆ నొక్కు గీత దగ్గరే విరుగుతుంది, ఒకసారి పోగు తెగితే అతుకు పడదు. రెండు చేతులతో అంచు పట్టుకుని తీయాలి. ఆకారం పోతే కెటిల్ ఆవిరికి జానెడు దూరంలో పది, పదిహేను సెకన్లు పట్టి చేత్తో సరిచేసుకోవచ్చు. ఇడ్లీ కుక్కరు మూత తీసి పట్టకండి, నీటి చుక్కలు పడి మచ్చలవుతాయి. వానలో తడిస్తే విదిలించి, చెమట పట్టీ బయటికి తిప్పి, తలకిందులుగా నీడలో ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యరు పెడితే ఉన్ని కుంచించుకుపోతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద వదిలితే తోలు పట్టీ ముడుచుకుని 58 కాస్తా 57 అవుతుంది, పనామా గడ్డి పెళుసెక్కుతుంది.

చివరగా, పత్రికల్లో ఎక్కడా కనిపించని సంగతి తలనూనె. కొబ్బరినూనె రాసుకుని హ్యాట్ పెడితే అది చెమట పట్టీలోంచి రిబ్బనులోకి ఎక్కి, దుమ్ము పట్టి, నల్లటి చార దిగుతుంది. హ్యాట్ పెట్టుకునే రోజు నూనె మానేయండి. మానలేకపోతే లోపల పల్చటి నూలు పట్టీ వేసుకుని ఉతుక్కోండి. ఫెల్ట్ మీద మరక అప్పుడే పడితే టాల్కం పౌడరు దట్టంగా చల్లి, రాత్రంతా ఉంచి, మెత్తటి బ్రష్‌తో నూగు వాలిన వైపుకే దులపాలి. ఒకసారికి పోకపోతే మళ్ళీ చల్లండి. నీళ్ళు, సబ్బు తగలనివ్వకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాచిగూడ, హైదరాబాద్