వార్షిక నివేదిక: సెమ్మె మెరిసింది, కుళాయి ఇంకా ఎండే

మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాల పోటీ, కార్తీక వనభోజనం ఈ ఏడూ ఎప్పటిలాగే జరిగాయి. పంచాంగం చదివిన పంతులుగారికి, పులిహోర కలిపిన మహిళా విభాగానికి, షామియానా అద్దె వద్దన్న సభ్యులకు, కుర్చీలు మోసిన కుర్రాళ్ళకు, పేరు చెప్పొద్దన్న దాతకు కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచి ఉంటే మన్నించండి.

ఈసారి గొప్పగా చెప్పుకోవలసింది మాత్రం కార్తీకానికి ముందు హాల్లో జరిగిన ఇత్తడి తోముడు. వేదిక మీది నిలువెత్తు దీపపు సెమ్మె నూనె, మసి పట్టి నల్లబడింది. చెన్నై ఉప్పుగాలికి అడుగు పళ్ళెం అంచున పచ్చగా కిలుము లేచింది. కొత్తది కొందామని కమిటీలో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇళ్ళలో పాత ఇత్తడి ఉన్నవాళ్ళనూ తెమ్మన్నాం.

ముందు ప్రతిదానికీ అయస్కాంతం పెట్టి చూశాం. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. గట్టిగా తోమితే పూత పోతుంది. ఒకావిడ తాతగారి నాటి తలుపు పిడి అలాగే తేలి, పాపం చిన్నబుచ్చుకున్నారు. సెమ్మె మీది హంస మరలు పట్టేసి ఊడలేదు. పట్టకారు వేయబోయిన ఉత్సాహవంతుణ్ణి ఆపి, సందులో కొబ్బరినూనె వేసి రాత్రంతా వదిలాం. పొద్దున వేడినీళ్ళ గుడ్డ చుడితే చేతికే తిరిగింది.

జిడ్డు వదలనిదే పులుపు పనిచేయదు. వేడినీళ్ళు, కుంకుడు రసం, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కాటుక నీళ్ళు దిగాయి. ఆపైన లీటరు గోరువెచ్చని నీళ్ళకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ఐదేసి నిమిషాలకు తీసి చూడాలి. చింతపండు, ఉప్పుతోనూ వస్తుంది గానీ సందుల్లో ఉప్పు మిగిలితే కిలుము మళ్ళీ మొదలు. ఒక సభ్యుడు కుందుల్ని ఇంట్లో వెనిగర్‌లో వేసి పడుకున్నారు. తెల్లారేసరికి రాగి చెంబుల్లా ఎర్రగా ఉన్నాయి. ఇత్తడంటే రాగి, జింకు కలిసినదే కదా, పులుపు జింకును లాగేస్తే పైన రాగి రంగు తేలుతుంది. ఇత్తడి తోమే పొడితో ఓపిగ్గా రుద్దితే పసుపు తిరిగొచ్చింది. హార్మోనియం రీడ్లు తెచ్చినవారిని మాత్రం వెనక్కి పంపాం. అవి కాస్త అరిగినా శ్రుతి మారుతుంది.

చివర్న వంటసోడా నీళ్ళతో కడిగి, క్యాన్ నీళ్ళతో జాడించి, పాత పంచెగుడ్డతో వెంటనే తుడిచాం. బోరు నీళ్ళు తెల్ల మచ్చలు వదులుతాయి. హాలు కుళాయిలో నీళ్ళు రాని సంగతి మీకు తెలిసిందే. మూడు అర్జీలు పెట్టాం, ప్రతిసారీ "సార్ సైటుకెళ్ళారు" అనే జవాబు.

తోముడుకు పేర్లిచ్చినవారు పదకొండుమంది, వచ్చినవారు నలుగురు. ఫోటో వేళకు మాత్రం హాలు సరిపోలేదు.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి, చూసుకోగలరు. చందా బాకీలు దయచేసి చెల్లించండి.

తోమినవాటిలో రెండు ఇత్తడి గంటలు, ఒక తలుపు గడియ ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ఎవరివో వారు ఆనవాలు చెప్పి తీసుకెళ్ళగలరు.

ఇట్లు,
కార్యదర్శి