కిన్షాసాలో ఉన్న వాసంతికి

రాజమహేంద్రవరం,
ఫిబ్రవరి 2025

చిరంజీవి వాసంతికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మాఘమాసం కదా, వారానికి రెండు మూడు పెళ్లి పిలుపులు వస్తున్నాయి. పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి విరగబూసింది. మంచుకు పూత మాడకుండా నిలిస్తే ఈ ఏడు ఆవకాయకు బయట కాయ కొననక్కరలేదు. నాన్నగారి మోకాలు పరవాలేదు. చిట్టి పరీక్షలకు చదువుతున్నానంటోంది, చదువుతున్నట్టే కనిపిస్తోంది. ఈ ఉత్తరాన్ని అదే ఫోటోలు తీసి నీకు పంపుతుంది.

నువ్వు రాయడం లేదని నేను ఫిర్యాదు చేయడం లేదు. రోజూ రాత్రి "బాగున్నానమ్మా" అని ఫోనులో వస్తూనే ఉంది. కాంగో తూర్పున ఉన్న గోమా నగరం తిరుగుబాటుదారుల చేతికి పోయిన రోజూ అదే వచ్చింది. మర్నాడు, జనవరి 28న, రాజధాని అయిన మీ ఊళ్లోనే జనం ఫ్రాన్సు రాయబార కార్యాలయానికి నిప్పు పెట్టి, రువాండా, బెల్జియం, అమెరికా కార్యాలయాల మీద పడినప్పుడూ అదే వచ్చింది. ఒక్క అక్షరం మారలేదు. ఇంటర్‌లో హాస్టల్లో టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు కూడా నువ్వు "బాగున్నాను" అనే రాశావు. అందుకని అడుగుతున్నాను, అంతే. గోమాకూ కిన్షాసాకూ మధ్య పదిహేను వందల కిలోమీటర్లకు పైనే ఉంటుందని నాన్నగారు అట్లాసు తెచ్చి, స్కేలు పెట్టి మరీ చూపించారు. చూపించాక ఆయన కూడా రాత్రంతా నిద్రపోలేదు.

సరే, ఆ సంగతి వదిలేద్దాం. అక్కడి మన రాయబార కార్యాలయంలో నీకు పోస్టింగు అని తెలిసినప్పటి నుంచి కాంగో గురించి దొరికిన పుస్తకమల్లా తిరగేస్తున్నాను. తాతయ్య ఇనప్పెట్టెలో 1960 నాటి ఆంధ్రపత్రిక కత్తిరింపులు కూడా ఉన్నాయి. వాటిలో సగం కాంగో వార్తలే. నీకంటే ముందు ఆ ఊరికి దూతలుగా వెళ్లినవాళ్ల గురించి నీతో మాట్లాడాలని ఉంది. శిక్షణలో మీకు చెప్పే ఉంటారు. అయినా అమ్మ చెబుతుంటే ఒకసారి విను.

1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి అంత పెద్ద దేశంలో ముప్పై మంది పట్టభద్రులు కూడా లేరు. సైన్యంలో అధికారులంతా బెల్జియం వాళ్లే. వారం తిరక్కుండా సైనికులు తిరగబడ్డారు. యూరోపియన్లు పడవలెక్కి నది దాటి బ్రాజవిల్‌కు పరుగెత్తారు. జులై 11న రాగి గనులున్న కటాంగా తాను వేరే దేశమని ప్రకటించుకుంది. కొత్తగా పుట్టిన దేశానికి దూతగా వెళ్లడమంటే సామాన్యం కాదమ్మా. ఎవరికి నమస్కారం పెట్టాలో పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. సెప్టెంబరు 5 రాత్రి అధ్యక్షుడు కసావుబు రేడియోలో ప్రధాని లుముంబాను తొలగిస్తున్నానన్నాడు. లుముంబా వెంటనే అదే రేడియోలో నిన్నే తొలగిస్తున్నానన్నాడు. అప్పుడు ఐక్యరాజ్యసమితి తరఫున తాత్కాలికంగా అక్కడున్న ఆండ్రూ కార్డియర్ విమానాశ్రయాలూ రేడియో కేంద్రమూ మూయించేశాడు. పైకి చూస్తే ఇద్దరికీ సమానమే. కసావుబుకు మాత్రం నది అవతల బ్రాజవిల్ రేడియో ఉంది, లుముంబాకు ఏదీ లేదు. ఒక దూత ఒక్క రాత్రి తీసుకున్న నిర్ణయం ఒక దేశాన్ని ఎటు తోసేసిందో చూడు.

ఆ చిక్కు పడ్డ మూడో రోజు, సెప్టెంబరు 8న, బాధ్యత తీసుకున్నది మన రాజేశ్వర్ దయాళ్. పాకిస్తాన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న మనిషిని సమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షెల్డ్ అడిగి పిలిపించుకున్నాడు. వారం గడిచేసరికి కాంగో సైన్యాన్ని నడిపే కర్నల్ మొబూటు ఆ సైన్యంతో అధికారం పట్టేశాడు, సోవియట్ రాయబార కార్యాలయాన్ని దేశం నుంచి పంపేశాడు. దయాళ్ పనిచేసింది 'లె రాయల్' అనే భవనంలో. అది ఇంకా ఉందా? ఉంటే ఒక ఫోటో తీసి పంపు. దాని కోసమని బయలుదేరి వెళ్లకు, దారిలో పడితేనే.

నాకు ఆయన మీద గౌరవం ఎందుకో చెబుతాను. లుముంబాను బంధించడానికి మొబూటు మనుషులు వారంటుతో వస్తే, ఆయన ఇంటి చుట్టూ ఉన్న సమితి కాపలాను దయాళ్ తీయనివ్వలేదు. నవంబరు 2న పంపిన నివేదికలో, వెళ్లిపోయిన బెల్జియం వాళ్లు మళ్లీ వచ్చి కార్యాలయాల్లో కూర్చుంటున్నారనీ, సైన్యం అరాచకానికి మూలమవుతోందనీ ఉన్నదున్నట్టు రాశాడు. బెల్జియానికి కోపం వచ్చింది. అమెరికాకు కోపం వచ్చింది. కసావుబు ఆయన్ను వెనక్కి పిలిపించమని ఉత్తరం రాశాడు. అయినా మరొకరికి నచ్చేలా ఆ నివేదికను సర్దలేదు. అదే సమయంలో అదే ఊళ్లో ల్యారీ డెవ్లిన్ కూడా దౌత్యాధికారి హోదాలోనే ఉండేవాడు. సి.ఐ.ఎ. మనిషి, అంటే అమెరికా గూఢచారి. లుముంబాకు పెట్టమని అతనికి అమెరికా నుంచి విషం తెచ్చి ఇచ్చారు. అది వాడలేదు. ఈ సంగతంతా 1975లో అమెరికా సెనేటు విచారణలో బయటపడింది. దౌత్య హోదా ఇద్దరికీ ఉంది. ఒకరి చేతిలో కలం ఉంది, ఇంకొకరి బీరువాలో విషం ఉంది. బ్రిటిష్ కాన్సులేటులో డాఫ్నీ పార్క్ అనే ఆమె కూడా ఆ రోజుల్లో అక్కడే ఉంది. ఆడపిల్లకు ఆఫ్రికాలో దౌత్యమేమిటన్న మీ పెదనాన్నకు ఆమె పేరు చెప్పి నోరు మూయించాను. ఆమె గూఢచారి అన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మొన్న కాకినాడలో పెళ్లికి వెళ్తే సుబ్బలక్ష్మి అత్తయ్య కనిపించింది. వాళ్ల అల్లుడు ఢిల్లీలో ఏదో విన్నాడట. నువ్వు కొద్దిరోజులు ఇంటికి వచ్చే వీలుంటే రానన్నావనీ, నీ వంతు ఇంకొకరికి ఇచ్చావనీ. అత్తయ్య మాటకు పది కలుపుతుందని మనకు తెలుసు కదా. నేను పట్టించుకోలేదు. భోజనాల దగ్గర పూర్ణాలు బాగా చేశారు, నీకు ఇష్టమని అనుకున్నాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న కథకు వస్తాను. నథానియల్ వెల్బెక్ కథ. ఆ ఊళ్లో ఘనా ప్రతినిధి. ఘనాకు అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లే. ఘనా అధ్యక్షుడు ఎన్‌క్రుమాకు లుముంబా అంటే తమ్ముడి కింద లెక్క. మొబూటు వచ్చాక అక్కడి ప్రభుత్వానికి ఘనా వాళ్లంటే గిట్టలేదు. ముందు రాయబారి ఆండ్రూ జిన్‌ను వెళ్లమన్నారు. తరువాత నవంబరులో వెల్బెక్‌ను కూడా వెళ్లమన్నారు. ఆయన కదల్లేదు. మీ ప్రభుత్వాన్ని మేము గుర్తించడం లేదు, మా అధ్యక్షుడు చెబితే తప్ప వెళ్లనన్నాడు. ఒక విధంగా చూస్తే న్యాయమే. దూత అన్నవాడు పంపినవాళ్ల మాట వినాలి గాని, తుపాకీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడి మాట కాదు. విదేశీ దౌత్య కార్యాలయాన్ని కాపాడటం తమ బాధ్యతని సమితి ఆ ఇంటికి ట్యునీసియా సైనికులను కాపలా పెట్టింది. ట్యునీసియా ఎక్కడ, ఘనా ఎక్కడ, కాంగో ఎక్కడ! ఆ కుర్రాళ్లకు వెల్బెక్ ఎవరో కూడా తెలిసి ఉండదు.

నవంబరు 21 సాయంత్రం కాంగో సైనికులు ఆ ఇంటికి వచ్చారు. వాళ్ల నాయకుడు కర్నల్ కోకోలో, రాజధానిలోని సేనకు అధిపతి, సైనికులు ప్రాణంగా చూసుకునే మనిషి. ఇంట్లో వెల్బెక్. ప్రహరీ లోపల ట్యునీసియా వాళ్లు. బయట కాంగో వాళ్లు. మొదట తుపాకీ ఎవరిది పేలిందో ఎవరికి వాళ్లు ఒక్కో రకంగా చెబుతారు. పేలింది. రాత్రంతా కాల్చుకున్నారు. కోకోలో చనిపోయాడు, ఇరువైపులా సైనికుల ప్రాణాలు పోయాయి. తెల్లారాక వెల్బెక్ విమానమెక్కి వెళ్లిపోయాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. తమ కర్నల్ పోయాడన్న కోపంతో కాంగో సైనికులు ఆ తరువాత ఊళ్లో సమితి సిబ్బంది కనిపిస్తే పట్టుకుని కొట్టారు. గుమాస్తాలు, డ్రైవర్లు, ఆ గొడవతో ఏ సంబంధమూ లేనివాళ్లు. ఆ పోరుకు కారణమైన ఇల్లు మాత్రం మర్నాటికి ఖాళీ. నవంబరు 22న న్యూయార్కులో సమితి సర్వసభ్య సభ 53 ఓట్లతో కసావుబు ప్రతినిధులకే అక్కడి కాంగో స్థానం ఇచ్చింది. అంటే వెల్బెక్ ఆ రాత్రి అక్కడే ఉన్నందువల్ల లుముంబాకు ఒరిగిందీ లేదు.

వెల్బెక్ చెడ్డవాడని నేను అనడం లేదు. పట్టుదల గల మనిషి. అయితే లోపల ఉన్న మనిషి కదలనంటే, ఆ మాటకు ధర చెల్లించేది గేటు దగ్గర నిలబడ్డవాడమ్మా. మీ కార్యాలయం గేటు దగ్గర కూడా ఎవరో ఒకరు ఉంటారు. డిసెంబరులో నువ్వు పంపిన ఫోటోలో ఒకతను పొడవాటి గొడుగు పట్టుకుని నీ పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్ల ఆవిడ నీకు చేపల కూర పంపిందన్నావు. నువ్వు లోపల ఉంటే అతను బయట ఉండాలి. ధైర్యం గురించి నువ్వు ఆలోచించేటప్పుడు అతని ఇంటి సంగతి కూడా ఆలోచించు. ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు ఊరుకోదు.

ఉండవలసి వస్తే ఉండు. పని ఉంటే ఉండు. మనవాళ్లు అక్కడ చిన్నా పెద్దా వ్యాపారాలు చేసుకుంటూ చాలామంది ఉన్నారు, గోమా వైపు చిక్కుకున్నవాళ్ల తల్లులు కూడా నాలాగే ఫోను పట్టుకుని కూర్చున్నారని నాకు తెలుసు. వాళ్ల పిల్లల ఫోను నువ్వే ఎత్తుతున్నావంటే నాకు గర్వమే. పైవాళ్లు వెళ్లమంటే మాత్రం వెళ్లిపో. దయాళ్ కూడా వెళ్లిపోయాడు. 1961 మార్చిలో న్యూయార్కుకు పిలిపించారు, మళ్లీ కాంగోకు పంపలేదు. మే నెలలో తప్పుకుని కరాచీలో తన పాత పనికి తిరిగి వెళ్లాడు. దానివల్ల ఆయన పరువేమీ తగ్గలేదు, తరువాత విదేశాంగ కార్యదర్శి అయ్యాడు. ఆయన రాసిన నివేదికలు అలాగే ఉన్నాయి. హామర్‌షెల్డ్ మాత్రం ఆ సెప్టెంబరులో కాంగో నుంచి కటాంగా నాయకుడితో మాటలకు పొరుగు దేశానికి వెళ్తూ, అక్కడి ఎన్‌డోలా దగ్గర విమానం కూలి చనిపోయాడు. సమితి సేనలో ఉన్న మన సైన్యాధికారి గుర్బచన్ సింగ్ సలారియా డిసెంబరు 5న కటాంగాలోని ఎలిజబెత్‌విల్‌లో పోరాడుతూ చనిపోయాడు. ఇరవై ఆరేళ్లు. నీకంటే చిన్నవాడు. ఆ వయసు చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఒక్క విషయంలో దయాళ్‌తో నాకు పేచీ ఉంది. నవంబరు 27 రాత్రి జోరువానలో లుముంబా ఇల్లు దాటి కారులో వెళ్లిపోయాడు. ఇల్లు దాటాక ఆయన రక్షణ తమ బాధ్యత కాదని సమితి వాళ్లు దారిలో కలగజేసుకోలేదు. సంకురు నది దాటి అవతలి ఒడ్డుకు చేరి కూడా, భార్యా చిన్న కొడుకూ ఇవతల ఉండిపోయారని ఆయన వెనక్కి వచ్చాడు. అక్కడే దొరికిపోయాడు. జనవరి 17న కటాంగాలో చంపేశారు. నిబంధన ప్రకారం సమితి చేసింది సరేనంటారు. ఇంట్లో ఉన్నంతవరకే కాపాడతాం, గడప దాటితే మాకు తెలియదనడం నాకు మాత్రం మింగుడు పడదు. నువ్వు ఎప్పుడైనా అలాంటి చోట ఉంటే నిబంధనను ఒకటికి రెండుసార్లు చదువు తల్లీ, సాయం చేసే దారి ఎక్కడైనా ఉందేమో వెతుకు.

ఇంతకీ సుబ్బలక్ష్మి అత్తయ్య చెప్పింది నిజమా? నిన్ను రమ్మన్నారా? నువ్వు వద్దన్నావా? నిజమైతే నిజమని రాయి, నేను కోప్పడను. నాన్నగారు కూడా కోప్పడరు, ఆయనతో మాట తీసుకున్నాను. కారణం కూడా రాయి. "బాగున్నాను" అన్న మాట తప్ప ఇంకేదైనా రాయి.

దోమతెర చిరిగిందన్నావు, కుట్టించావా? నీళ్లు కాచి చల్లార్చే తాగుతున్నావా? ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టుతో కలిపి ఒకే సంచిలో పెట్టుకో, అది లేకపోతే మన విమానాశ్రయంలో ఆపేస్తారట. ఆ సంచి మంచం పక్కనే ఉంచు. అందులో కొంత డబ్బు, ఒక జత బట్టలు, టార్చిలైటు కూడా పెట్టు. నల్లకారం, కందిపొడి, కరివేపాకు పొడి విడివిడిగా కట్టి ఉంచాను, ఢిల్లీ నుంచి మీ వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు.

అన్నట్టు, అక్కడివాళ్లు కర్రపెండలం ఆకుతో పొందూ అని కూర చేస్తారన్నావు, నువ్వూ నేర్చుకుంటానన్నావు. మన పెద్దాపురం వైపు దుంప తింటారు గాని ఆకు తినగా నేను చూడలేదు. ఆ ఆకు పచ్చిగా ఉంటే విషమట. బాగా దంచి, చాలాసేపు ఉడకనివ్వాలి. తొందరపడి దించకు. ఆ గొడుగు పట్టుకున్నతని భార్యను పక్కన నిలబెట్టుకుని చెయ్యి.

ఇట్లు,
మీ అమ్మ