వరద దారి చూపే పటం ఏది?

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దుల నిర్ధారణ గురించి మీ పత్రికలో వార్త వచ్చి కొన్ని రోజులైంది. హద్దులు తేల్చడం మంచిదే, దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ పని పూర్తయితే నగరానికి వరద ముప్పు ఎక్కడెక్కడ ఉందో తేలిపోయినట్లేనన్న ధోరణి అధికారుల్లో కనిపించడం వల్లనే ఈ లేఖ రాయవలసి వస్తోంది.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి మత్తడి పోయడం మొదలయ్యే మట్టం. ఆ గీత చెరువులో నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో చెబుతుంది గాని, మత్తడి దూకిన నీరు ఏ కాలనీ మీదుగా పోతుందో, కట్ట తెగితే ఏ వీధిలో ఎంత లోతున నిలుస్తుందో చెప్పదు. 2012 నాటి 168వ నంబరు జీవో పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ జోన్‌గా, అంటే కట్టడాలు కట్టకూడని పట్టీగా నిర్ణయించింది. కాని 2020 అక్టోబరులో పల్లె చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు తెగినప్పుడు నీరు పోయింది కట్టకు దిగువనున్న బస్తీల మీదికి. గగన్‌పహాడ్‌లో అప్పా చెరువు నీరు బెంగళూరు జాతీయ రహదారినే కోసేసింది. ఎఫ్‌టీఎల్ పటాన్ని ఎంత జాగ్రత్తగా గీసినా ఆ దారి అందులో కనిపించదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని బలిగొన్న తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు నదిని ఒక్కదాన్నే చూసి ఊరుకోలేదు. ఎగువన కురిసిన వానను, తెగిన చెరువులను, నగరంలోకి వచ్చిన ప్రవాహాన్ని లెక్కగట్టిన తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలను ప్రతిపాదించారు. ఆ తర్వాత కొన్నేళ్లకే లియోనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో నగరం పటాలు వీధులు, కట్టడాలు సహా తయారయ్యాయి. ఉపగ్రహాలు లేని రోజుల్లో జరిగిన పని, బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్న ఈ నగరంలో నేడు సాధ్యం కాదంటే నమ్మలేం.

పాత పటాలు గీసిన నాటి నేల ఇప్పుడు లేదు. వాన నీరు ఇంకే పొలాలు కాంక్రీటు అయ్యాయి, చెరువు లోపలి శిఖం భూములు లేఅవుట్లయ్యాయి, గొలుసుకట్టు చెరువులను కలిపే కాలువలు సన్నబడి నాలాలై కొన్నిచోట్ల స్లాబుల కింద కనుమరుగయ్యాయి. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచడంతో ఒకప్పుడు మెరకలో ఉన్న ఇళ్లు పల్లంలో పడ్డాయి. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మునిగిన 2025 సెప్టెంబరులో నీరు తమ గోడ మీద ఏ ఎత్తున మరక వదిలిందో ఆయా వీధుల వారు చేత్తో చూపిస్తారు. ఆ మరకలను కొలిచి పటంలోకి ఎక్కించడం పెద్ద ఖర్చుతో కూడిన పనీ కాదు.

పటం బయటపెడితే ప్లాట్ల ధరలు పడిపోతాయని, జనం భయపడతారని కొందరంటారు. 2024లో మూసీ వెంట ఇళ్ల గోడలపై తొలగించాల్సిన ఇళ్లకు గుర్తుగా ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసినప్పుడు ఆ కుటుంబాలు పడిన భయం కంటే అది ఎక్కువా? ఇంటి పన్ను, కరెంటు బిల్లు, నల్లా బిల్లు కట్టించుకున్నన్నాళ్లూ చెప్పని మాటను గోడ మీద రంగుతో చెప్పడం పాలన అనిపించుకోదు. ఇక ఈ పటం సంగతి ఎవరిని అడిగినా రెవెన్యూ వారు నీటిపారుదల వారిని, వారు హెచ్‌ఎండీఏను (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ), హెచ్‌ఎండీఏ వారు బల్దియాను (నగరపాలక సంస్థ) చూపిస్తారు.

నగరమంతటికీ నేల ఎత్తుపల్లాలతో, సర్వే నంబర్లతో వరద పటాలు గీసి, ప్రతి వార్డు కార్యాలయంలోనూ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనూ అందరికీ కనబడేలా పెట్టాలి. ప్రతి ఐదేళ్లకు, పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ వాటిని సవరించాలి. సెల్లార్లకు అనుమతి ఇచ్చే ముందు వాటిని చూసి తీరాలన్న నిబంధన ఉండాలి. అన్నిటికంటే ముందు, ఈ పటాలకు ఏ శాఖ జవాబుదారీ అవుతుందో వచ్చే వానాకాలం లోపు ప్రభుత్వం ప్రకటించాలి.

— ఒక పాఠకుడు, రామంతాపూర్, హైదరాబాద్