అక్కడి దుకాణం బిల్లు చెక్‌పాయింట్ దగ్గర చెల్లదు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు సెమిస్టరుకు కర్నూలు, నంద్యాల, ఆదోని నుంచి అమెరికా వెళ్లే పిల్లలకు కన్సల్టెన్సీలు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) దగ్గర్నుంచి బ్యాంకు లోను దాకా అన్నీ చెబుతున్నాయి. పచ్చళ్లు ఎన్ని కిలోలు పట్టుకెళ్లొచ్చో కూడా చెబుతున్నాయి. గంజాయి మాట మాత్రం ఎత్తరు. ‘మావాడు అలాంటివాడు కాదు’ అని తల్లిదండ్రులు, ‘అక్కడ లీగలే కదా’ అని పిల్లలు ఊరుకుంటారు. చట్టం తెలిసినవాళ్లుగా ఆ రెండో మాట ఎంత ప్రమాదకరమో ఈ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాం.

న్యూ మెక్సికోలో 2022 ఏప్రిల్ 1 నుంచి, అంతకు ముందే అరిజోనా, కాలిఫోర్నియాల్లో, 21 ఏళ్లు నిండినవాళ్లకు గంజాయిని దుకాణంలో అమ్ముతున్నారు. గుర్తింపు కార్డు చూస్తారు, పన్ను వేస్తారు, బిల్లు ఇస్తారు. అదంతా రాష్ట్ర చట్టం. దేశమంతటికీ వర్తించే 1970 నాటి ఫెడరల్ (కేంద్ర) చట్టం వేరు. దాని ప్రకారం సొంతానికి ఒక్క సిగరెట్టంత గంజాయి దగ్గర పెట్టుకున్నా నేరమే. మొదటిసారికి ఏడాది దాకా జైలు, కనీసం 1000 డాలర్ల జరిమానా. రాష్ట్రం ఇచ్చిన అనుమతి ఫెడరల్ అధికారిని ఆపదు. 2024లో న్యూ మెక్సికోలో రాష్ట్ర లైసెన్సు ఉన్న కంపెనీల వాహనాల్లోని సరుకునే సరిహద్దు కాపలా చూసే ఫెడరల్ దళం బోర్డర్ పెట్రోల్ జప్తు చేసింది. మన పిల్లల ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఇచ్చేదీ, తీసేసేదీ ఆ ఫెడరల్ ప్రభుత్వమే.

చదువుకునే పిల్లవాడికి ఫెడరల్ అధికారి ఎక్కడ ఎదురవుతాడు? ఎయిర్‌పోర్టులో, నేషనల్ పార్కులో, హైవే మీది ఇమ్మిగ్రేషన్ చెక్‌పాయింట్‌లో. మొదటి రెండూ ఊహించగలిగినవే. మూడోదే తెలియకుండా తగులుతుంది. ఇది మన పంచలింగాల చెక్‌పోస్టులా సరిగ్గా సరిహద్దు మీద ఉండదు. సరిహద్దు నుంచి పదుల మైళ్ల లోపల, దేశం మధ్యలో ప్రయాణిస్తున్నామనుకునే చోట ఉంటుంది. సరిహద్దు నుంచి 100 మైళ్ల లోపు వాహనాలు తనిఖీ చేసే అధికారం బోర్డర్ పెట్రోల్‌కు ఉంది. ప్రతి వాహనాన్నీ ఏ అనుమానం లేకుండా కాసేపు ఆపి పౌరసత్వం అడగవచ్చని 1976లో మార్టినెజ్-ఫ్యూర్తే కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల చదివే మన పిల్లలు సెలవుల్లో వెళ్లే కొన్ని దారులు వీటి మీదుగానే పోతాయి. న్యూ మెక్సికోలోని వైట్ సాండ్స్ ఇసుక దిబ్బలు చూసి లాస్ క్రూసెస్, ఎల్ పాసో మీదుగా ఐ-10 హైవే పట్టుకుని డాలస్ తిరిగొస్తే సియెర్రా బ్లాంకా చెక్‌పాయింట్ తగులుతుంది. సౌత్ పాడ్రే బీచ్ నుంచి హ్యూస్టన్ వైపు యూఎస్-77 మీద వస్తే సరీటా, యూఎస్-281 మీద వస్తే ఫాల్‌ఫూరియస్. లరేడో నుంచి పైకి వస్తే ఐ-35 మీద ఇంకొకటి. ఇక్కడ గమనించాల్సింది దిశ. సాధారణంగా సరిహద్దు వైపు నుంచి లోపలికి వచ్చే వాహనాలనే ఆపుతారు. అందుకే పోయేటప్పుడు ఏమీ కనిపించదు, తిరిగొచ్చేటప్పుడు బండి లైన్లో నిలబడుతుంది. న్యూ మెక్సికోలో కొన్న పొట్లం అప్పటికి బ్యాగులోనే ఉంటుంది. పైగా ఎల్ పాసో వైపు వచ్చేసరికే టెక్సస్ మొదలవుతుంది. అక్కడ రాష్ట్ర చట్టం కూడా ఒప్పుకోదు.

లైన్లో ఏం జరుగుతుందో వరుసగా చెబుతాం. అధికారి కిటికీ దగ్గరికొచ్చి ‘అమెరికా పౌరులేనా?’ అని అడుగుతాడు. ఈలోగా మత్తుపదార్థాల వాసన పట్టే కుక్క కారు చుట్టూ తిరుగుతుంటుంది. మన పిల్లలు ‘భారతీయుడిని, ఎఫ్-1 విద్యార్థిని’ అని చెప్పి పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు) ప్రింటు, ఐ-20 చూపాలి. 18 ఏళ్లు దాటిన విదేశీయుడు తన నమోదు పత్రం వెంట ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. ఫోన్లో ఫొటో చాల్లే అనుకుని బయలుదేరడమే మొదటి పొరపాటు. కుక్క గుర్తుపట్టినట్టు సైగ చేస్తే కారును పక్క వరుసలోకి పంపుతారు. కుక్క సైగను సోదాకు తగిన కారణంగా కోర్టులు ఒప్పుకుంటాయి, ఇక మన అనుమతి అవసరం లేదు. సైగ లేకపోతే, వేరే బలమైన కారణమూ లేకపోతే, కారు సోదా చేయాలంటే మన అంగీకారం కావాలి. 1975లో ఓర్టిజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ‘ఒకసారి డిక్కీ తీస్తావా?’ అని అధికారి మామూలుగా అడిగేది ఆ అంగీకారం కోసమే. తీయక తప్పదనుకుని మన పిల్లలు తీసేస్తారు. ‘సోదాకు నా అంగీకారం లేదు’ అని మర్యాదగా చెప్పే హక్కు విద్యార్థికీ ఉంది.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. కారు ఆపకుండా వేగంగా తప్పించుకుపోతే అదే విడిగా ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా శిక్ష. పొట్లం కిటికీలోంచి విసిరేస్తే టెక్సస్‌లో సాక్ష్యం మాయం చేయడం కింద ఇంకా పెద్ద కేసు పడుతుంది. అబద్ధం చెప్పకూడదు. అన్నిటికన్నా నష్టం చేసేది మంచితనంతో ఇచ్చే ఒప్పుకోలు. ‘నాదే సార్, ఎప్పుడైనా తాగుతాను’ అంటే వదిలేస్తారని అనుకుంటారు. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో కోర్టు శిక్షే పడనక్కర్లేదు. మాదకద్రవ్యాల నేరం చేశానని తగిన తీరులో ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకుండా ఆపడానికి చాలు. ఇమ్మిగ్రేషన్ పత్రాలు చూపి, మిగతా ప్రశ్నలకు ‘లాయరుతో మాట్లాడాకే చెబుతాను’ అనడమే క్షేమం. నలుగురు కలిసి అద్దె కారులో వెళ్తే, బయలుదేరే ముందే ఎవరి బ్యాగులో ఏముందో మొహమాటం లేకుండా అడిగి తేల్చుకోవాలి. సీట్ల మధ్య దొరికిన పొట్లం ఎవరిదో తేలకపోతే నలుగురి మీదా అనుమానం పోతుంది.

ఇక బరువు, రూపం. టెక్సస్‌లో ఆకు రూపంలో రెండు ఔన్సుల లోపు, అంటే సుమారు 56 గ్రాముల లోపు ఉంటే చిన్న నేరం: 180 రోజుల దాకా జైలు, 2000 డాలర్ల దాకా జరిమానా. అదే గమ్మీలో, చాక్లెట్‌లో, వేప్ పెన్నులో ఉంటే వేరే జాబితాలోకి పోతుంది. అక్కడ ఒక గ్రాము లోపు ఉన్నా ఫెలనీయే, అంటే పెద్ద నేరమే. నాలుగు గ్రాములు దాటితే శిక్ష 2 నుంచి 20 ఏళ్లు. అందులో చక్కెర, జెలటిన్ బరువు కూడా కలిపే తూస్తారు. చూడ్డానికి చంటిపిల్లల మిఠాయిలా ఉండే పొట్లం ఎండుటాకు కన్నా ఎన్నో రెట్లు పెద్ద కేసు అవుతుందని పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

చిన్న మొత్తాల మీద ఈ కేసులు పెట్టడం న్యాయమని మేం అనడం లేదు. 2000లో ఇండియనాపోలిస్ నగరం కేసులో, డ్రగ్స్ పట్టుకోవడమే ప్రధాన ఉద్దేశంగా చెక్‌పాయింట్ పెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. ఇమ్మిగ్రేషన్ తనిఖీ అని పేరు పెట్టి కుక్కను తిప్పితే మాత్రం చెల్లుతోంది. అమెరికా కాంగ్రెసుకు లెక్కలు చూసిపెట్టే జీఏఓ సంస్థ 2017 నివేదిక ప్రకారం, 2013-16 మధ్య ఈ చెక్‌పాయింట్లలో మాదకద్రవ్యాలు పట్టుకున్న సందర్భాల్లో దాదాపు 40 శాతం అమెరికా పౌరుల దగ్గర దొరికిన ఔన్సు లోపు గంజాయే. అక్రమంగా సరిహద్దు దాటేవాళ్ల కోసం కట్టిన చోట సొంత పౌరుల జేబులు వెతుకుతున్నట్టయింది. సియెర్రా బ్లాంకాలో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఇలాంటి చిన్న కేసులు వద్దంటే, వాటిని అక్కడి స్థానిక పోలీసు అధికారి అయిన కౌంటీ షెరీఫ్‌కు అప్పగించేవాళ్లు. 2010లో గాయకుడు విల్లీ నెల్సన్ అక్కడే దొరికి చివరికి జరిమానాతో బయటపడ్డాడు. ఆయన పౌరుడు. అదే పొట్లం మన విద్యార్థి దగ్గర దొరికితే లెక్క జరిమానాతో ఆగదు.

ఎందుకాగదో తల్లిదండ్రులు నిదానంగా చదవాలి. అక్కడి లాయర్లు మొదటిసారి దొరికినవాళ్లకు ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ ఇప్పిస్తామంటారు. నేరం ఒప్పుకుని, కొన్నాళ్లు ప్రొబేషన్ (కోర్టు పర్యవేక్షణ) సజావుగా గడిపితే కేసు కొట్టేస్తారు. రాష్ట్ర చట్టంలో అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో మాత్రం నేరం ఒప్పుకోవడం, ఏదో ఒక ఆంక్ష విధించడం, ఈ రెండూ ఉంటే చాలు, శిక్ష పడినట్టే లెక్క. తర్వాత రికార్డు చెరిపేసినా పోదు. నేరం ఒప్పుకోకుండానే, విచారణకు ముందే పక్కకు తప్పించే ‘ప్రీట్రయల్ డైవర్షన్’ దొరికితే అది వేరు. అందుకే క్రిమినల్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరునూ మొదటి రోజే అడగాలి. దేశబహిష్కరణ ప్రమాదం ఉంటే ఆ సంగతి లాయరు కక్షిదారుకు చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అదీ గంజాయి కేసే.

30 గ్రాముల మినహాయింపు ఉందని కొందరు ధైర్యం చెబుతారు. ఉంది. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు, ఒకే ఒక్కసారి అయితే, దాని ఆధారంగా దేశం నుంచి పంపేయరు. కానీ ఆ మినహాయింపు అమెరికా లోపల ఉన్నవాడిని పంపేయడానికి సంబంధించినది, బయటికెళ్లినవాడిని మళ్లీ రానివ్వడానికి కాదు. అక్క పెళ్లికని ఊరికొస్తే, చెన్నైలోనో హైదరాబాదులోనో వీసా కిటికీ దగ్గర ఆగిపోతాడు. వెయివర్ (ప్రత్యేక సడలింపు) అడగవచ్చు, ఇవ్వడం వాళ్ల ఇష్టం. అసలు అరెస్టు కబురు చేరగానే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. 2025 ఏప్రిల్‌లో వేల మంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు) రికార్డులు ఒక్కసారిగా మూసేశారు. వాళ్లలో కొట్టేసిన చిన్న కేసులున్నవాళ్లూ ఉన్నారు. కోర్టులకెక్కాక గానీ అవి తిరిగి తెరుచుకోలేదు. సొంతానికి గంజాయి పెట్టుకున్న ఫెడరల్ కేసులకు 2022, 2023ల్లో అధ్యక్షుడు బైడెన్ ఇచ్చిన క్షమాభిక్ష పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే.

ఇక్కడి కేసు కూడా అక్కడిదాకా వెంట వస్తుంది. మన ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టంలో కిలో దాకా గంజాయి ‘చిన్న పరిమాణం’. ఏడాది దాకా జైలు గానీ, పదివేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ‘నేరం ఒప్పుకుని జరిమానా కట్టేయ్, ఒక్క పూటలో అయిపోతుంది’ అని కోర్టు వరండాలో సలహా ఇచ్చేవాళ్లున్నారు. చదువుకునే పిల్లవాడి విషయంలో దయచేసి ఆ సలహా వినకండి. వీసా ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, మాదకద్రవ్యాల చట్టం ఎప్పుడైనా ఉల్లంఘించారా అని విడివిడిగా అడుగుతారు. 200 గ్రాములు ఇక్కడ చిన్నదే, అక్కడి 30 గ్రాముల గీతకు చాలా అవతల. అలవాటుపడిన పిల్లవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరి పూర్తి చేస్తే, చిన్న పరిమాణం కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64-ఎ సెక్షన్ మన చట్టంలోనే ఉంది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. కర్నూలు న్యాయవాదులం ఈ సెక్షన్‌ను మొదటి వాయిదాకే కోర్టు ముందు పెట్టాలి.

లక్షలు ఫీజు తీసుకునే కన్సల్టెన్సీలు విమానం ఎక్కేముందు ఇచ్చే ఫైల్లో ఈ విషయాలు ఒక్క పేజీలో పెట్టాలి. ఇంజినీరింగ్ కాలేజీలు ఆఖరి ఏడాదిలో ఒక గంట కేటాయించాలి. నీతి బోధ అక్కర్లేదు. ఏ రోడ్డు మీద ఏముంది, ఏం అడుగుతారు, ఏం చెప్పాలి అన్నవి చెబితే చాలు.

అర్ధరాత్రి అలాంటి ఫోను వస్తే తల్లిదండ్రులు తిట్టడం తర్వాత పెట్టుకోవాలి. జైలు ఫోన్లు రికార్డవుతాయి కాబట్టి అసలేం జరిగిందని అందులో అడగకూడదు. ఏ కౌంటీ, ఏ జైలు, బుకింగ్ నంబరెంత, ఈ మూడే రాసుకోవాలి. వియన్నా ఒప్పందం ప్రకారం భారత కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడిగే హక్కు పిల్లవాడికి ఉంది. కానీ తను అడిగితేనే పెడతారు. టెక్సస్ అయితే హ్యూస్టన్ కాన్సులేట్. కేసు ముగిశాక కోర్టు ముద్ర ఉన్న తీర్పు నకళ్లు రెండు తీసి, ఒకటి ఇక్కడ ఇంట్లో భద్రపరచాలి. పదేళ్ల తర్వాత వీసాకు వెళ్లినా అది చూపమంటారు.

ఇట్లు,
కొందరు న్యాయవాదులు,
కర్నూలు