ముందు పాత డంపుల లెక్క తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

గాబన్, దక్షిణాఫ్రికాల నుంచి ఓడల్లో వచ్చిన మాంగనీసు రాయి విశాఖ పోర్టులో దిగి, మా విజయనగరం జిల్లా ఫెర్రో అల్లాయ్ (ఉక్కు తయారీలో కలిపే లోహ మిశ్రమం) ఫ్యాక్టరీలకు చేరుతుంటుంది. ఇదే జిల్లాలో గర్భాం, కోడూరు, గరివిడి చుట్టుపక్కల పాత గనుల డంపులు, అంటే అక్కర్లేదని పారబోసిన రాతి దిబ్బలు, తుప్పలు మొలిచి పడి ఉన్నాయి. దిగుమతి మానెయ్యమని నేననడం లేదు. మన రాయిలో ఉక్కును పెళుసు చేసే ఫాస్ఫరస్ ఎక్కువ, మేలురకం కలపక తప్పదు. కానీ ఈ డంపుల్లో ఏముందో తేల్చి, ఆ లెక్క జనం ముందు పెట్టమని గనుల శాఖను అడుగుతున్నాను.

ఇక్కడ తవ్వకాలు 1890ల్లోనే మొదలయ్యాయి. అప్పట్లో సుత్తులతో కొట్టి, చేత్తో ఏరి, బరువైన నల్ల రాయిని మాత్రమే ఓడలెక్కించేవారు. మిగతాదంతా డంపే. వానలు తగ్గాక ఆ దిబ్బల మీద నడిస్తే, మన్ను కొట్టుకుపోయి మాంగనీసు ముక్కలు పైకి తేలి ఉంటాయి. పట్టుకుంటే వేళ్లకు మసి అంటుతుంది. పగలగొడితే లోపల తెల్లటి క్వార్ట్జ్, తేనెరంగు గార్నెట్ అనే వేరే ఖనిజాలు పెనవేసుకుని ఉంటాయి.

అయస్కాంతంతో ఇందులోని మాంగనీసును వేరు చెయ్యొచ్చంటే మావాళ్లు నవ్వుతారు. పాత స్పీకరు మాగ్నెట్ పెడితే అంటుకోదు మరి! మాంగనీసుకు ఆ గుణం బాగా తక్కువ, అంతేగానీ అసలు లేకపోలేదు. ఒక టెస్లా (అయస్కాంత బలానికి కొలత), ఆపైన బలమున్న నియోడిమియం అయస్కాంతపు రోలరు మీద పలచటి బెల్టు తిప్పుతూ, నలగ్గొట్టి జల్లించిన రాయిని పోస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి తాలు రాళ్లు ఎగిరి ముందుకు పడతాయి. మాంగనీసు రోలరును పట్టుకుని వెనక్కి వచ్చి రాలుతుంది. చేటతో చెరిగినట్టే అనుకోండి. అపటైట్ అనే ఖనిజం రూపంలో ఉన్న ఫాస్ఫరస్ కూడా తాలుతోపాటు పోతుంది.

చిక్కంతా గార్నెట్‌తోనే. అదీ అయస్కాంతానికి లొంగుతుంది, బరువు కూడా ఇంచుమించు మాంగనీసంతే. ఇక మాంగనీసు ఖనిజం లోపలే ఇమిడిపోయిన ఫాస్ఫరస్‌ను ఏ మాగ్నెట్టూ తియ్యలేదు. కాబట్టి ఒక డంపు గిట్టుబాటైతే పక్కదీ అవుతుందని చెప్పలేం. ప్రతిదాన్నీ తవ్వి, నమూనాలు తీసి చూడాల్సిందే. నాగపూర్‌లో ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్, భువనేశ్వర్, జంషెడ్‌పూర్‌లలో కేంద్ర పరిశోధన సంస్థలు ఉన్నవే ఇలాంటి పనికి.

2017 నాటి ఖనిజ పరిరక్షణ నిబంధనలు తక్కువ గ్రేడు రాయిని, వ్యర్థాన్ని వేర్వేరుగా పేర్చమంటున్నాయి, రేపు పనికొస్తుందనే కదా. పాత డంపుల్లో అదీ ఇదీ ఒకే కుప్ప. రోడ్డు పనికి గ్రావెల్ అని టిప్పర్లకెత్తితే అడిగేవాడు లేడు. నమూనాల ఖర్చుకు జిల్లా మినరల్ ఫౌండేషన్ (గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసం గనుల యజమానులు కట్టే నిధి) సొమ్ము ముట్టుకోవద్దు, అది ఊళ్ల అవసరాలకే ఉండాలి. రాయల్టీ తీసుకునే ప్రభుత్వమే పెట్టుకోవాలి.

ఇంకొకటి. మాంగనీసు దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతిని చేతులు వణుకుతాయి, నడక తడబడుతుంది. దుమ్ము లాగే ఏర్పాటు, మూసిన షెడ్డు లేకుండా ఏ క్రషర్‌కీ అనుమతి ఇవ్వకూడదు. మిగిలిన సన్నబురదను చెరువు గట్టున పోస్తామంటే ఊరుకోం. తాగేనీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 0.3 దాకా ఒప్పుకోవచ్చని మన ప్రమాణం. డంపుల నమూనాలు తీసే రోజునే పక్క ఊళ్ల బోర్ల నీళ్లు కూడా పట్టుకెళ్లి పరీక్ష చేయించి, ఆ రిపోర్టు తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.

— ఒక రిటైర్డ్ మైనింగ్ మేట్,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా